బొగ్గు మండాక ఎక్కడికి పోతుంది?

పొయ్యిలో కట్టె మండిపోగానే “అయిపోయింది” అంటాం. నిజానికి ఏదీ అయిపోలేదు. ద్రవ్యనిత్యత్వ నియమం మీరు చదువుకున్నదే. మండినదంతా బూడిదగానో, వాయువుగానో మరోచోటికి చేరింది, అంతే. ఈ నియమాన్ని పరీక్షనాళికలో కాక, నెల్లూరు సముద్రతీరంలో ఒకసారి పరీక్షించి చూద్దాం.

ముత్తుకూరు మండలంలో, కృష్ణపట్నం రేవుకు దగ్గరలో నేలటూరు అనే ఊరుంది. అక్కడే శ్రీ దామోదరం సంజీవయ్య థర్మల్ విద్యుత్ కేంద్రం ఉంది. 800 మెగావాట్ల యూనిట్లు రెండు 2015లో ఉత్పత్తి మొదలుపెట్టాయి. అంతే సామర్థ్యం గల మూడవ యూనిట్‌ను 2022 అక్టోబరులో జాతికి అంకితం చేశారు.

వీటిలో ఒక్క యూనిట్‌ను తీసుకుందాం. 800 మెగావాట్లు అంటే గంటకు 8 లక్షల యూనిట్ల విద్యుచ్ఛక్తి. పూర్తి సామర్థ్యంతో రోజంతా నడిస్తే 192 లక్షల యూనిట్లు. ఒక యూనిట్ విద్యుత్తు 860 కిలోకేలరీల ఉష్ణానికి సమానం. కాని బొగ్గులోని ఉష్ణమంతా విద్యుత్తు కాదు. ఇలాంటి కేంద్రాలలో నూటికి 40 పాళ్ళు మాత్రమే మారుతుంది. కాబట్టి యూనిట్‌కు 2,150 కిలోకేలరీలు కావాలి. కిలో బొగ్గు 4,000 కిలోకేలరీలు ఇస్తుందనుకుంటే, యూనిట్‌కు సుమారు 540 గ్రాముల బొగ్గు. రోజుకు? పదివేల టన్నుల పైమాటే!

నలభై పాళ్ళేనా అని పెదవి విరవకండి. నీటికి సందిగ్ధ ఉష్ణోగ్రత 374 డిగ్రీల సెంటీగ్రేడ్, సందిగ్ధ పీడనం 218 వాతావరణాలు. ఆ హద్దు దాటాక నీరు వేరు, ఆవిరి వేరు అన్న భేదం ఉండదు. ఈ కేంద్రం ఆ హద్దుకు పైన పనిచేస్తుంది. పాతరకం కేంద్రం నూటికి 35 పాళ్ళతో నడిచేదనుకుంటే, అదే విద్యుత్తుకు రోజూ వెయ్యి టన్నులకు పైగా బొగ్గు ఎక్కువ తగలబెట్టాల్సి వచ్చేది.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఆ పదివేల టన్నులూ ఏమయ్యాయి?

మన దేశపు బొగ్గులో బూడిద ఎక్కువ. నూటికి 35 పాళ్ళు అనుకుంటే, ఒక్క రోజుకు 3,500 టన్నుల బూడిద. కర్బనం నూటికి 45 పాళ్ళనుకోండి, అంటే 4,500 టన్నులు. 12 గ్రాముల కర్బనం 32 గ్రాముల ఆమ్లజనితో కలిసి 44 గ్రాముల బొగ్గుపులుసు వాయువు అవుతుంది కదా! ఆ లెక్కన 16,500 టన్నుల వాయువు. బొగ్గు కంటే పొగ బరువెక్కువ! ఈ మాట తరగతిలో చెప్పినప్పుడల్లా ఎవరో ఒకరు నవ్వుతారు. గాలిలోంచి తీసుకున్న ఆమ్లజనిని లెక్కలో కలుపుకుంటే నవ్వు ఆగిపోతుంది.

మీరు రాత్రి పది గంటలు 75 వాట్ల ఫ్యాను కింద నిద్రపోతే, ఆ విద్యుత్తంతా బొగ్గుదే అయితే, సుమారు 400 గ్రాముల బొగ్గు మండింది. అందులో బూడిద ఒక పెద్ద గుప్పెడు.

పొగగొట్టం చేరేలోపే బూడిదను పట్టే పరికరం ఉంటుంది. తలదువ్విన దువ్వెన కాగితం ముక్కలను ఆకర్షిస్తుంది కదా, సూత్రం అదే. ఎలెక్ట్రోస్టాటిక్ ప్రెసిపిటేటర్ బూడిద రేణువులకు విద్యుదావేశం ఇచ్చి, పలకలకు అంటుకునేలా చేస్తుంది. అలా పట్టిన బూడిద సిమెంటుకు, ఇటుకలకు, రోడ్ల గట్లకు పనికివస్తుంది. బూడిదను పూర్తిగా వినియోగించాలని 2021 డిసెంబరు నాటి కేంద్ర ప్రభుత్వ నియమాలు చెబుతున్నాయి. వాడకుండా మిగిలింది బూడిద చెరువుకు చేరుతుంది. అది ఎండితే గాలికి లేస్తుంది, ఊటగా దిగితే నేలలోకి పోతుంది. విద్యుత్తు తీగలమీద వందల మైళ్ళు పోతుంది. బూడిద మాత్రం పక్క ఊరి గడప దాటదు. నేలటూరు వంటి ఊళ్ళలో పరిశ్రమ గురించి మాట్లాడేవారు మొదట ఆలోచించవలసినది ఇదేనని నా అభిప్రాయం.

గంధకం సంగతి మరొకటి. అది మండితే సల్ఫర్ డయాక్సైడ్ వస్తుంది. దానికి 2015 డిసెంబరులో దేశమంతటికీ హద్దులు పెట్టారు. గడువు పలుమార్లు పొడిగించి, 2025 జూలైలో చాలా కేంద్రాలకు ఆ నిబంధన నుంచి మినహాయింపు ఇచ్చారు.

అసలు తీరంలోనే ఎందుకు కట్టారు? బొగ్గు ఓడలో వస్తుంది. ఆవిరిని చల్లబరచడానికి సముద్రజలం దొరుకుతుంది. పొలాలకు పారే పెన్న నీటితో పని తగ్గుతుంది. ఇది చిన్న లాభం కాదు. అయితే విద్యుత్తుగా మారని 60 పాళ్ళలో ఎక్కువభాగం ఆ చల్లబరిచే నీటిలోకే పోతుంది. నీరు వేడెక్కితే అందులో కరిగి ఉండే ఆమ్లజని తగ్గుతుంది. చేపలకు అదే ఊపిరి. అందుకే తీరప్రాంతపు కొత్త కేంద్రాలలో నీటి ఉష్ణోగ్రత 7 డిగ్రీలకు మించి పెరగరాదని నియమం.

“మరి ఎండతోనే అంతా చేయవచ్చుగా?” అంటారు మీరు. చేద్దాం. ఒక మెగావాట్ సౌరపలకలు రోజుకు సుమారు 5,000 యూనిట్లు ఇస్తాయి. 192 లక్షల యూనిట్లకు 3,800 మెగావాట్లకు పైగా పలకలు కావాలి. 2017లో పూర్తయిన కర్నూలు సోలార్ పార్కు 1,000 మెగావాట్లది. దానికి ఆరువేల ఎకరాలకు కాస్త తక్కువ పట్టింది. అలాంటివి దాదాపు నాలుగు! భూమి దొరికిందనుకున్నా, రాత్రి మాటేమిటి?

నెల్లూరు తీరానికి రాత్రి మరీ ముఖ్యం. రొయ్యల చెరువుల్లో పగలు నాచు ఆమ్లజనిని విడుదల చేస్తుంది. చీకటి పడ్డాక నాచు కూడా ఆమ్లజనిని పీల్చేదే. తెల్లవారుజామున కొరత అన్నిటికంటే ఎక్కువ. అప్పుడు నీటిని చిలికే ఏరేటర్లు కాసేపు ఆగినా రొయ్య చస్తుంది, రైతు అప్పులపాలవుతాడు. అంటే నీరు చెడితే మొదట నష్టపోయేవాడికే రాత్రి విద్యుత్తు అందరికంటే ఎక్కువ అవసరం. మన దేశంలో తలసరి విద్యుత్ వినియోగం ఏడాదికి 1,400 యూనిట్ల దరిదాపుల్లోనే ఉంది. అమెరికాలో దానికి ఎనిమిది రెట్లకు పైనే. ఇలాంటి చోట “విద్యుత్తు తగ్గించుకోండి” అని ఊరికే చెప్పడం నాకు న్యాయంగా తోచదు.

పగటి ఎండను రాత్రికి దాచే ఉపాయాలున్నాయి. ఒకటి బ్యాటరీ, మరొకటి నీరు. శ్రీశైలం ఎడమగట్టు కేంద్రంలోని ఆరు యంత్రాలు రెండు పనులూ చేయగలవు. నీరు దిగేటప్పుడు విద్యుత్తు ఇస్తాయి, విద్యుత్తు మిగిలినప్పుడు వెనక్కి తిరిగి నీటిని పైకి తోడతాయి. ఇలాంటి పద్ధతిలో నాలుగు యూనిట్లు ఖర్చు పెడితే సుమారు మూడు తిరిగివస్తాయి. పోయే ఆ ఒక్క యూనిట్ ఎండదైతే దాని వెనుక బూడిద లేదు, బొగ్గుదైతే అరకిలో బొగ్గు వృథా.

ఇక పెన్సిలు తీసుకోండి. మన 192 లక్షల యూనిట్లలో సగం ఇలా రాత్రికి దాచి వాడుకోవాలంటే, పగలు అదనంగా ఎన్ని యూనిట్లు తయారు చేయాలి? 32 లక్షలు వస్తే మీ లెక్క సరే.