పొరుగు రాష్ట్రపు గర్భిణి – మన పంచాయతీ

వరంగల్లు పట్టణమందలి కొత్తవాడ జంపఖానాల నేతకు పేరెన్నిక గన్నది. వరంగల్లు జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు కూడ లభించినది. ఓరుగల్లు ప్రాంతపు నేతకుటుంబములనేకము తరముల క్రిందటనే బ్రతుకుతెరువునకై షోలాపురమునకు, భివండికి తరలిపోయినవి. ఐనను బంధుత్వములు తెగలేదు. పిల్లనిచ్చుట, పుచ్చుకొనుట నేటికిని సాగుచునేయున్నవి. తొలికాన్పు పుట్టింట జరుగవలెనన్నది మన ఆచారము గనుక, నెలలు నిండవచ్చిన ఆడపడుచు మహారాష్ట్రనుండి రైలెక్కి తల్లి యింటికి చేరును. ఆచారము మంచిదే. కాని అచ్చటి వైద్యులు ఆరేడు నెలలుగా వ్రాసిన మాతా శిశు రక్షణ కార్డు అత్తవారింటిలోనే ఉండిపోయినచో, ఇచ్చటి డాక్టరునకు ఆమె క్రొత్త మనిషియే. రక్తమెంత యున్నదో, రక్తపుపోటు ఎప్పుడు పెరిగినదో చెప్పగలవారుండరు.

పట్టణములో ఇది కొంత చిక్కు మాత్రమే. గోదావరి తీరమున ఇదియే ప్రాణసంకటము. హైదరాబాదునుండి వరంగల్లు, ములుగు, ఏటూరునాగారముల మీదుగా సాగు 163వ జాతీయ రహదారి ఛత్తీస్‌గఢ్‌లోని భోపాలపట్నము చేరును. కాళేశ్వరమువద్ద నది దాటిన మహారాష్ట్రపు సిరొంచ. భద్రాచలమునకు ఆవల కుంట, సుకుమా. ఈ ప్రాంతముల గర్భిణులు మన ఆసుపత్రులకు వచ్చుట క్రొత్త సంగతి కాదు. కోయవారికి ఇరువైపుల చుట్టములున్నారు. రెండేండ్లకొకసారి మేడారము జాతరకు మూడు నాలుగు రాష్ట్రములవారు తరలివచ్చుచున్నారు. 2005 తరువాత ఛత్తీస్‌గఢ్‌నుండి వచ్చి మన అడవులలో గూడెములు కట్టుకొన్న గొత్తికోయలును ఉన్నారు.

ఒక లెక్కను సభ్యులు గమనింపవలెను. 2018–20 సంవత్సరముల నమూనా నమోదు వివరముల ప్రకారము, లక్ష సజీవ జననములకు తల్లుల మరణములు మహారాష్ట్రలో 33, తెలంగాణలో 43, ఆంధ్రప్రదేశములో 45. ఛత్తీస్‌గఢ్‌లో మాత్రము 137. వంతెనకు ఈవలి రాష్ట్రముకంటె ఆవలి రాష్ట్రమున తల్లికి అపాయము మూడు రెట్లు! మన సంఖ్య తగ్గినదని తృప్తిపడుటకు వీలులేదు. ఆవలి కోడలు ఈవలి కూతురే కావచ్చును. (తెలంగాణలో నూటికి 60కి పైగా కాన్పులు శస్త్రచికిత్సతో జరుగుచున్నవని 2019–21 కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పినది. అదియు మనకు గౌరవము తెచ్చు సంఖ్య కాదు.)

తల్లి ఎందుకు మరణించును? సెరీన్ థాడియస్, డెబొరా మైన్ అను పరిశోధకులు 1994లో మూడు జాప్యములను పేర్కొనిరి: ఆసుపత్రికి పోవలెనని నిశ్చయించుకొనుటలో జాప్యము, దారిలో జాప్యము, చేరిన తరువాత చికిత్స అందుటలో జాప్యము. కాన్పు తరువాత రక్తస్రావము ఆగనిచో రెండు గంటలలోనే ప్రాణము పోవచ్చును. సరిహద్దు ఈ మూడు జాప్యములను పెంచును. మన ఊరి మనిషి కాదు గదా యని ఒకరు, కాగితములేవి యని మరొకరు అడుగుచుండగనే ఆ రెండు గంటలు గడచిపోవును.

గీత మారినంతమాత్రమున మనుష్యుల అవసరము మారదు. 2014లో భద్రాచలము పట్టణము తెలంగాణలో నిలిచి, దానినంటియున్న ఎటపాక ఆంధ్రప్రదేశములో చేరినది. కాని ఎటపాక గర్భిణికి దగ్గరి పెద్దాసుపత్రి నాడును నేడును భద్రాచలమే.

ఇందుకు చట్టము అడ్డురాదని సభ్యులు ముందుగా గ్రహింపవలెను. 2011లో ప్రారంభమైన జననీ శిశు సురక్షా కార్యక్రమము ప్రకారము ప్రభుత్వ ఆసుపత్రిలో ప్రసవించు ప్రతి గర్భిణికిని కాన్పు, అవసరమైనచో శస్త్రచికిత్స, మందులు, రక్తము, భోజనము, రాకపోకల వాహనము ఉచితము. ఏ ఊరు, ఏ రాష్ట్రము అను షరతు లేదు. గ్రామ ఆరోగ్య, పారిశుద్ధ్య, పోషకాహార కమిటీకి పంచాయతీ సభ్యులే పెద్దదిక్కు. ఏటా 10,000 రూపాయల వరకు ఇచ్చు నిధిని, మిక్కిలి పేదరాలిని ఆసుపత్రికి చేర్చు అగత్యమేర్పడినపుడు వినియోగించుటకు నిబంధనలు అంగీకరించుచున్నవి. ఆ సొమ్మును సున్నములకు, బోర్డులకు ఖర్చుచేసి ఊరకుండు గ్రామములున్నచో అది విచారకరము.

పని ఇట్లు మొదలుపెట్టవచ్చును. ఆశా కార్యకర్త పట్టికలో మూడు విధములవారు చేరవలెను: ఊరివారు, పుట్టింటికి వచ్చినవారు, గూడెములవారు. ఓటరు జాబితాలో పేరు లేదను కారణమున గూడెమువారిని విడువరాదు. నదికి ఆవలి గ్రామపు ఆశా, సర్పంచి లేక పెద్దమనిషి టెలిఫోను సంఖ్యలు మన పంచాయతీ గోడపై వ్రాయబడవలెను, మనవి వారి గోడపైనను. కోయ మాటలాడగల స్త్రీ యొకతె ఆసుపత్రికి తోడు వెళ్ళినచో సగము భయము తీరును.

వానకాలమును గూర్చి ప్రత్యేకముగా చెప్పవలసియున్నది. 2022 జులైలో భద్రాచలమువద్ద గోదావరి 71 అడుగులు దాటినది. అట్టి దినములలో 108 వాహనమైనను ఏమి చేయగలదు? జులైనుండి సెప్టెంబరు వరకు కాన్పు తేదీ పడినవారిని ముందుగనే లెక్కించి, పదిదినములు ముందు ఆసుపత్రి ఉన్న ఊరికి చేర్చుట ఒక్కటే మార్గము. క్యూబా దేశము 1962నుండియే ఇట్టి నిరీక్షణ గృహములను నడపినది. ఒడిశా సరిహద్దునగల సాలూరులో 2018లో గిరిజన గర్భిణులకై వసతిగృహము నెలకొల్పిరి. పంచాయతీకి అంత శక్తి లేకపోవచ్చును. చుట్టముల యిల్లు ఒకటి, రెండుపూటల భోజనము చాలును.

రక్తహీనత ఇరువైపుల ఒక్కటే. అదే సర్వేలో 15–49 ఏండ్ల స్త్రీలలో తెలంగాణలో నూటికి 57కి పైగా, ఛత్తీస్‌గఢ్‌లో 60కి పైగా రక్తము తక్కువవారు. కొత్తవాడలో ఇంటిపట్టున కండెలు చుట్టు ఇల్లాలైనను, వాజేడులో నాటువేయు కూలియైనను ఇందులోనివారే. గర్భిణికి హీమోగ్లోబిను 11 గ్రాములకు తగ్గరాదు. 7కు తగ్గినచో వెంటనే పెద్దాసుపత్రికి పంపవలెను. ఇనుము మాత్ర నాల్గవ నెలనుండి దినమునకొకటి, 180 దినములు. కాన్పు తరువాత మరి 180 దినములు. మలము నల్లబడినదని భయపడి మానివేయువారికి అది మాత్ర గుణమేయని చెప్పవలెను. టీతో మ్రింగిన ఫలము తగ్గును.

కార్డు పోయినవారికి పంచాయతీయే ఒక చీటి వ్రాసి ఇయ్యవచ్చును. పేరు, వయస్సు, ఎన్నవ కాన్పు, కాన్పు తేదీ, రక్తపు వర్గము, చివరి రక్తపుపోటు, హీమోగ్లోబిను, పూర్వపు కాన్పులో శస్త్రచికిత్స జరిగినదా, ఎవరికి టెలిఫోను చేయవలెను – ఈ తొమ్మిది వివరములు చాలును. తెలిసినంతవరకు నింపి, తెలియనిచోట గీత పెట్టవలెను. చీటి తెలుగులోనే గాక హిందీలోను ఉండవలెను. బీజాపూరు డాక్టరు మన అక్షరములు చదువలేడు.