కట్లు విప్పువారు

పాఠ్యభాగములు: సామెతలు 23:29-35, యోహాను 11:38-44, 12:1, 2.



త్రాగుడు పాపమని మన సంఘములలో అనేక ప్రసంగములు వినియున్నాము. అయితే మన యింటనే ఒకరు మత్తునకు బానిసయైనప్పుడు ఏమి చేయవలెనో అంతగా వినలేదు. ఇంటివారు సిగ్గుచేత తలుపు మూసికొందురు. సంఘము తెలిసియు తెలియనట్లుండును. ఈ నెల పాఠములో మనము లాజరు సమాధియొద్ద నిలిచి ఈ సంగతిని ధ్యానించెదము.

1. రాయి తీయుట

ప్రభువు రాయి తీయుమన్నప్పుడు మార్త జంకెను. నాలుగు దినములైనది గనుక దుర్వాసన బయటపడునని ఆమె భయము. మన యిండ్లలోను ఆ భయమే యున్నది. భర్తకు ఒంట్లో బాగాలేదని భార్య ఆఫీసుకు కబురు పంపును. కుమారుని అప్పులు తల్లి రహస్యముగా తీర్చును. ప్రేమతోనే చేయుదురు గాని రాయి అట్లే యుండును.

గురుతులను ఎట్లు తెలిసికొందుము? పోట్లాటలు, కారణములేని గాయములు, ఎఱ్ఱబడిన కన్నులు, ఇవన్నియు సామెతల గ్రంథకర్త చెప్పెను. దెబ్బలు తిన్నవాడు మేలుకొని మరల దానినే వెదకునని ముగించెను. ఆ ముగింపే ముఖ్యము. ప్రపంచ ఆరోగ్య సంస్థవారి వ్యాధుల వర్గీకరణ, పదియవ కూర్పులో, ఆరు గురుతులున్నవి:

(అ) ఆపుకొనరాని తహతహ;
(ఆ) ఎప్పుడు మొదలుపెట్టుట, ఎంతతో ఆపుట అనునది తన వశములో లేకుండుట;
(ఇ) మానినప్పుడు వణుకు, చెమట, నిద్రలేమి వంటి బాధలు;
(ఈ) మునుపటి మోతాదు చాలకపోవుట;
(ఉ) ఇతరమైన ఇష్టములను, పనులను విడిచి దానికే కాలము వెచ్చించుట;
(ఊ) హాని కలుగుచున్నదని తెలిసియు విడువకుండుట.

ఒక సంవత్సర కాలములో వీటిలో మూడైనను కలిసి కనబడినయెడల వైద్యులు దానిని వ్యాధిగా ఎంచుదురు. సారాయికేగాక గంజాయికిని, నల్లమందునకును, నిద్రమాత్రలకును ఇట్లే చూడవలెను.

వ్యాధియన్నచో బాధ్యత లేదా యని కొందరడుగుదురు. బాధ్యత కలదు. లాజరు పిలుపు విని తానే వెలుపలికి వచ్చెను. అయినను అతని కాలుసేతులు కట్టబడియే యుండెను.

2. కట్లు విప్పుట

బ్రదికించినది ప్రభువే. కట్లు విప్పు పనిని మాత్రము దగ్గర నిలిచినవారికి అప్పగించెను.

ఇక్కడ మనము బహు జాగ్రత్తగా నుండవలెను. ఉజ్జీవకూటములో ఒకడు కన్నీళ్లతో ఇక త్రాగనని ప్రమాణము చేయును. మనము సంతోషించి ఇంటికి పంపుదుము. అయితే ఏండ్ల తరబడి ప్రతిదినము అధికముగా త్రాగినవాడు హఠాత్తుగా మానినయెడల రెండు దినములలోపల మూర్ఛలు రావచ్చును. పిమ్మట మతి చలించి ప్రాణాపాయము కలుగవచ్చును. నిద్రమాత్రల విషయములోను ఇట్టి అపాయము కలదు. 2015లో తెలంగాణలో కల్తీకల్లును అరికట్టినప్పుడు, అందులో కలిపిన మత్తుమందులకు అలవాటుపడిన అనేకులు వణుకుచు, మతితప్పి ఆసుపత్రుల పాలైరి. 2020 మార్చిలో లాక్‌డౌన్ వలన దుకాణములు మూతపడగా, హైదరాబాదు ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకు ఇట్టివారు అనేకులు తేబడిరి.

కావున ప్రమాణము చేసిన దినముననే అతనిని వైద్యునియొద్దకు తోడుకొని పోవుడి. గదిలో పెట్టి తాళము వేయకుడి. అతనికి తెలియకుండ అన్నములో మందు కలుపకుడి, అది అపాయకరము. మత్తులో ఉన్నప్పుడు వాదింపక, తెలివిగానున్న వేళ సాత్వికముతో మాటలాడుడి (గలతీ. 6:1). ప్రభుత్వ ఆసుపత్రిలోని మానసిక వైద్య విభాగమునకు వెళ్లవచ్చును. మత్తు విడుపు సహాయమునకు 14446, మానసిక ఆరోగ్య సలహాకు టెలిమానస్ 14416 అను ఉచిత ఫోను నంబర్లు కలవు.

1935లో అమెరికాలోని ఆక్రాన్ పట్టణమున బిల్ విల్సన్, వైద్యుడైన బాబ్ స్మిత్ అను ఇద్దరు త్రాగుబోతులు ఒకరికొకరు తోడై నిలిచిరి. ఆల్కహాలిక్స్ అనానిమస్ అను సహవాసము అట్లు పుట్టెను. నేడు మన దేశములోను దాని కూటములు జరుగుచున్నవి. ఒంటరిగా మానలేనివాడు తోడుతో మానగలడు.

3. బల్లయొద్ద కూర్చుండుట

తరువాతి అధ్యాయములో లాజరు ప్రభువుతోకూడ భోజనమునకు కూర్చుండెను. చికిత్స పొంది వచ్చిన సహోదరునికి మన మధ్య అట్టి చోటున్నదా? అతనిని పాత పేరుతో పిలువకుడి. మరల పడినయెడల సమస్తము వ్యర్థమాయెననక, మరల వైద్యునియొద్దకు తీసికొని పోవుడి. అతని భార్యాబిడ్డలను దర్శించుడి. అతడు కొట్టుచున్నయెడల సహించుమని వారికి బోధింపక, ముందుగా వారిని క్షేమమైన చోట ఉంచుడి.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. మన యింట ఏ రాయిని తీయుటకు జంకుచున్నాము?
2. మన సంఘములో ఒకనిని ఆసుపత్రికి తోడుకొనిపోవుటకు సిద్ధముగా ఉన్నవారెవరు?

ప్రార్థన: ప్రభువా, నీవు పిలిచిన వారి కట్లు విప్పుటకు మా చేతులను సిద్ధపరచుము. ఆమేన్.