పంచినచో నిలుచు విద్య

కొన్ని విద్యలు గ్రంథములలో నిలుచును. కొన్ని చేతులలో నిలుచును. గ్రంథమందలి విద్య చదువరి లేకున్నను నూరేండ్లు బీరువాలో భద్రముగా నుండవచ్చును. చేతివిద్యకు ఆ వీలు లేదు. ఒక చేయి దానిని మరియొక చేతికి అందింపకున్నచో అది మొదటి చేతితోడనే అంతరించును. పెరటిలో కూరగాయలు పండించుట, పండినదానిని ఏడాది పొడుగున చెడకుండ నిలువచేయుట అట్టి విద్యలు. అవి వంటింటి పనులేగదా యని లోకము వానిని చులకనగా చూచుట కద్దు. కాని ఆకలి నెరిగిన గృహస్థునకును, బిడ్డల తల్లికిని వాని విలువ తెలియును.

తైత్తిరీయోపనిషత్తునందు భృగువు తండ్రియగు వరుణుని ఆనతిచొప్పున తపస్సు చేసి, అన్నమే బ్రహ్మమని మొదట గ్రహించును. పిదప ప్రాణము, మనస్సు, విజ్ఞానము అను మెట్లను దాటి ఆనందమును చేరును. ఇక అన్నముతో పని తీరినదని సాధకుడు తలంపవచ్చును. ఉపనిషత్తు అట్లు తలంపలేదు. ఆనందమును చెప్పిన వెంటనే అది మరల అన్నమువద్దకు వచ్చి, దానిని గౌరవించుటను, వృద్ధిచేయుటను, ఇంటికి వచ్చినవానికి లేదనకుండుటను వ్రతములుగా విధించినది. వ్రతమునకు నిత్యానుష్ఠానము వలెను. అనుష్ఠానమునకు నైపుణ్యము వలెను. అన్నమును వృద్ధిచేయుదునని సంకల్పించినవానికి చిక్కుడుగింజ ఎప్పుడు పెట్టవలెనో తెలియనిచో ఆ సంకల్పము నోటిమాటగనే మిగిలిపోవును.

పెరడు

పెరడనగా విశాలమైన తోటయే కానక్కరలేదు. బావిగట్టు ప్రక్కన నాలుగు మూరల నేలయో, మేడమీద పది కుండీలో చాలును. స్నానపు నీరు పారుచోట అరటి, చేమ, కంచెమీద దొండ, చిక్కుడు, వాకిట కరివేప, ఒక మూలను మునగ, మిగిలినచోట తోటకూర, గోంగూర, బచ్చలి: తెలుగు పెరటికి ఇది తరతరాల క్రమము. తోటకూర విత్తిన నెలనాళ్లకు కూరకు వచ్చును. మునగ ఒకసారి నాటుకొన్న పిమ్మట కొన్నేండ్లు కాయుచునే యుండును.

ఈ క్రమమును కొంతవరకు పుస్తకమునుండి నేర్వవచ్చును. కాని దానిలోని కీలకములు తరచుగా పొరుగింటివారి నోటనే వెలువడును. నాటు చిక్కుడు పొద్దు తరిగినగాని పూయదు. వానాకాలమున పెట్టినది చలికాలమున విరుగకాయును, చలికాలము దాటిన పిమ్మట పెట్టినది ఆకులతోడనే సరిపెట్టును. తెల్లని ఆనపపువ్వు సాయంకాలము విచ్చును. పచ్చని గుమ్మడిపువ్వు తెల్లవారుజామున విచ్చును. ఈ తీగలకు పోతుపువ్వు వేరు, పిందెతో వచ్చు ఆడుపువ్వు వేరు. పట్టణములలోని ఎత్తైన మేడలమీదికి తేనెటీగ మొదలగు పురుగులు రానిచో పిందె పసుపుబారి రాలిపోవును. అట్టిచోట పోతుపువ్వును కోసి దాని పుప్పొడిని ఆడుపువ్వునకు అద్దవలెను. గుమ్మడికి ఆ పని ఉదయమే జరుగవలెను, ఆనపకు సంధ్యవేళ జరుగవలెను. వేళ తప్పినచో శ్రమ వ్యర్థమగును.

వేరొక కీలకము ప్రాణరక్షణకు సంబంధించినది. కొన్ని ప్రాంతములలో సొరయని పిలువబడు ఈ ఆనపకాయను తరుగునప్పుడు చిన్నముక్క కొరికి చూచుట పెద్దల అలవాటు. అది చాదస్తము కాదు. చేదెక్కిన ఆనపలో కుకుర్బిటాసిన్‌లు అను విషపదార్థములుండును. వండినంతమాత్రమున అవి పోవు. చేదు ఆనపరసము త్రాగి తీవ్రముగా జబ్బుపడినవారును, మరణించినవారును కలరు. నాలుకకు చేదు తగిలినచో వెంటనే ఉమిసి, కాయను పారవేయవలెను. దాని గింజను విత్తనమునకు ఉంచరాదు.

దొండ తీగముక్కనుండియు, మునగ కొమ్మనుండియు, బచ్చలి కాడనుండియు చిగిర్చును. వీనిని కొననక్కరలేదు, పొరుగువారిని అడిగి తెచ్చుకొనిన చాలును. అడుగుటలో చిన్నతనము లేదు, ఇచ్చుటలో నష్టము లేదు. ఇచ్చినవారి తీగ మరింత గుబురుగా చిగిర్చును.

విత్తనము

ఈ విద్య స్వభావమును విత్తనము చక్కగా తెలుపును. బంగారమును పెట్టెలో పెట్టి తాళము వేసినచో తరువాతి తరమునకు అట్లే దక్కును. విత్తనము అట్లు దక్కదు. ఉల్లి విత్తనము ఏడాది రెండేండ్లలోనే మొలకెత్తు శక్తిని చాలవరకు కోల్పోవును. తక్కిన కూరగాయల విత్తనములును ఇంటి నిలువలో కొన్నేండ్లకు మించి సత్తువతో నుండవు. విత్తి, పండించి, క్రొత్తగింజ తీయుటయే దానిని కాపాడు మార్గము. ఒక యింట తీగ ఎండిపోయినను పొరుగింట మిగిలియుండవలెనన్నచో ముందుగనే పంచియుండవలెను.

తెలంగాణమునందలి సంగారెడ్డి జిల్లాలో జహీరాబాదు ప్రాంతపు గ్రామములు దీనికి నిదర్శనము. అచట 1983లో ఆరంభమైన దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అండతో పేదస్త్రీలు గ్రామసంఘములుగా ఏర్పడిరి. వారిలో పెక్కురు దళితులు. బడి మొగము చూడనివారు అనేకులు. వానపై ఆధారపడిన నేలలలో జొన్న, సజ్జ, కొర్ర, సామ, కంది, పెసర మొదలగువానిని కలిపి విత్తుట వారి పద్ధతి. ఒక పంట పోయినను మరియొకటి కడుపు నింపును. గింజలను బాగుగ ఎండబెట్టి, బూడిదయు వేపాకును చేర్చి, అలికిన బుట్టలలో దాచుదురు. సంఘపు విత్తనము తీసికొనిన స్త్రీ పంట చేతికి వచ్చిన పిదప తీసికొన్నదానికంటె ఎక్కువ కొలిచి తిరిగి యిచ్చుట నియమము. పాతపంటల జాతర పేర ఆ గింజలు ఎడ్లబండ్లపై ఊరూర ఊరేగినవి. 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమము వారి ఈక్వేటర్ పురస్కారము ఈ స్త్రీల సంఘములకు లభించినది.

సమాజము దూరముగా నుంచిన ఇండ్లలో, అక్షరము రాని చేతులలో, ఒక ప్రాంతపు విత్తనసంపద నిలిచియుండెను. ఈ విద్యలో గురువెవ్వరను ప్రశ్నకు కులమును, పట్టమును చూచినచో సమాధానము దొరకదు. విద్య ఎవరివద్ద నున్నదో వారివద్దకు పోయి వినయముతో అడుగుటయే మార్గము.

నిలువచేయుట

పదార్థము ఏల చెడును? కంటికి కానరాని సూక్ష్మజీవులు దానిలో పెరుగుటచేత చెడును. వానికి నీరు కావలెను. బూజునకు గాలియు కావలెను. పులుపు హెచ్చినచో వానిలో పెక్కింటికి బ్రతుకుతెరువుండదు. కావున నీటిని ఎండగొట్టుట, ఉప్పుతో నీటిని బంధించుట, పులుపును హెచ్చించుట, గాలిని అడ్డుట అను నాలుగు సూత్రములు ఏర్పడినవి. దేశమంతట ఇల్లాండ్రు కనుగొనిన నిలువపద్ధతులలో చాలవరకు వీనిమీదనే నిలిచియున్నవి.

కాశ్మీరమున మంచు కురియు నెలలకై వేసవిలోనే ఆనప, వంకాయ, టమాటాలను తరిగి ఎండబెట్టుదురు. తెలుగునాట అదే పని వంకాయ, దోస, మామిడి వరుగులుగా సాగును. బెంగాలులోని మేదినీపూరు స్త్రీలు మినపపిండిని గసగసాలు పరచిన పళ్లెముపై నగల ఆకృతులలో పిండి ఎండబెట్టు బడిలు తెలుగువారి వడియములకు అక్కచెల్లెండ్రు. నేపాలు, సిక్కిము ప్రాంతములలో ఆవ, ముల్లంగి ఆకులను వాడ్చి, నలిపి, కుండలో గట్టిగా కూరి, కొన్నినాళ్లు పులియనిచ్చి, పిదప ఎండబెట్టుదురు. దానిని గుంద్రుక్ అందురు. అందు ఉప్పు వేయకయే ఆకు పులిసి, ఆ పులుపే ఆకును కాపాడును.

ఆవకాయలో ఈ సూత్రములు ఒక్క జాడీలో కలియును. ఉప్పు మామిడిముక్కలోని నీటిని వెలికిలాగి ఊటగా మార్చును. కాయ పులుపును, ఆవపిండి ఘాటును సూక్ష్మజీవులను అణచును. పైకి తేలిన నువ్వులనూనె గాలిని అడ్డును. మూడవనాడు జాడీ తెరచి తిరుగగలిపి రుచి చూచుటకు కారణము లేకపోలేదు: అప్పటికి ఊట దిగి, ఉప్పు చాలినది లేనిది తెలియును. తడిగరిటె తగులరాదనుటకును కారణము కలదు: తడి చేరినచోట ఉప్పు పలుచనై బూజు కాలూనును. కారణము తెలియక పాటించిన నియమమును తరువాతి తరము మూఢాచారమని విడిచిపెట్టును. కారణముతో కూడ నేర్పిన నియమము నిలుచును.

కారణమెరిగినవారికే ఎచట ప్రమాదమున్నదో తెలియును. అందుచే ఈ విద్య నేర్పువారు మూడు హెచ్చరికలను మరువరాదు. చిక్కుడు, బఠానీ వంటి పులుపులేని కూరలను నీటితో సీసాలో ఉడికించి, గాలి చొరకుండ బిగించి నిలువయుంచుట మొదటి ప్రమాదము. గాలి లేనిచోటనే పెరిగి ప్రాణాంతకమైన విషమును పుట్టించు క్లాస్ట్రీడియం బొట్యులినం అను సూక్ష్మజీవి కలదు. దాని బీజములు మరుగునీటి వేడికి చావవు. వానిని చంపుటకు ఆవిరి ఒత్తిడితో 121 డిగ్రీల సెంటీగ్రేడు వేడి కావలెను. తగిన సాధనము, శిక్షణ లేని ఇంట ఆ పద్ధతి తగదు. బూజుపట్టిన వేరుసెనగను, మిరపకాయను కడిగి ఎండబెట్టి వాడుట రెండవ ప్రమాదము. బూజు విడుచు అఫ్లటాక్సిన్ అను విషము ఇంటి వంటలో నశింపదు. ఊరగాయనే కూరగా భావించుట మూడవది. పెద్దవారు దినమునకు 5 గ్రాములకు లోపుగా ఉప్పు తినవలెనని ప్రపంచ ఆరోగ్యసంస్థ సూచించుచున్నది. ఊరగాయ అన్నమునకు తోడు మాత్రమే. ఆకుకూర స్థానమును అది ఆక్రమింపరాదు. ఆకులను నిలువచేయునప్పుడు ఎండలో కాక నీడలో ఆరబెట్టినచో, శరీరములో ఎ విటమినుగా మారు పదార్థము ఎక్కువగా మిగులును.

మైసూరులో 1950లో నెలకొనిన కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ వంటివి ఇట్టి విషయములను శాస్త్రీయముగ పరిశీలించుచున్నవి. అమ్మమ్మ అనుభవమునకును ప్రయోగశాల జ్ఞానమునకును విరోధము కల్పింపనక్కరలేదు. ఆమె చేయి ఎట్లు చేయవలెనో చూపును. శాస్త్రము ఏల చేయవలెనో, ఎచట ఆగవలెనో చెప్పును.

నేర్చుకొను విధము

వేసవిలో ఒక యింటి వసారాను భావింపుడు. పట్టణమున పెరిగిన యువతి కాగితము, కలము పట్టుకొని దొడ్డమ్మ ప్రక్కన కూర్చున్నది. “ఉప్పు ఎన్ని గ్రాములు వెయ్యాలి, దొడ్డమ్మా?” అని అడిగినది.

“గ్రాములు నాకేం తెలుసమ్మా! ముందు ముక్క కొరికి చూడు. పులుపెంత ఉంది? టెంక గట్టిపడిందా? అది చెప్పు, అప్పుడు ఉప్పు సంగతి చెబుతాను,” అని ఆమె పలికినది.

యువతి ముక్క కొరికి, టెంకను వ్రేలితో నొక్కి చూచినది. దొడ్డమ్మ గిన్నెతో ఉప్పు కొలిచినది. అది ముక్కలలో పడకముందే యువతి దానిని త్రాసులో తూచి కాగితముపై వ్రాసికొన్నది. దొడ్డమ్మ నవ్వినది గాని వలదనలేదు. ఆ కాగితములో కొలత మిగిలినది. కాయను ఎరుగుట యువతి నాలుకలోను, వ్రేలిలోను మిగిలినది. ఈ రెండును కావలెను. మరుసటి వేసవికి ఆ పెద్దచేయి వణకవచ్చును, ఆమెయే లేకపోవచ్చును. అడుగక విడిచిన ఒక్క వేసవి ఒక వంశపు విద్యను పోగొట్టగలదు.

ఇట్లు పోయినదానికి కాలమునే నిందించుట న్యాయము కాదు. పలు ఇండ్లలో మడి పేరిట జాడీని ఇతరుల చేతికి, కంటికి దూరముగా నుంచిరి. పొడిచేయి, ఉతికి ఆరవేసిన గుడ్డ వలెననుట సత్యము. పుట్టుకచేతనే ఒకరి స్పర్శ పచ్చడిని చెరుచుననుట అసత్యము. సూక్ష్మజీవికి కులము తెలియదు. ఆ దాపరికమున మనుష్యులు అవమానము పొందిరి, విద్యయు నష్టపడినది. ఎన్నియో ఇండ్ల కిటుకులు ఆ యిండ్ల వృద్ధురాండ్రతోడనే కాటికి పోయినవి.

కావున ఒక వీధివారో, ఒకే మేడలో నివసించువారో కూడి నేర్చుకొనుట మేలు. పదిమంది మనుష్యులు, ఎండ తగులు ఒక డాబా, ఒక త్రాసు చాలును. పెరడున్నవారు కాయలిత్తురు, పెరడు లేనివారు డాబా నిత్తురు, రెండును లేనివారు రెండు చేతులిత్తురు. బూడిదగుమ్మడి ముక్కలకు ఉప్పు రాచి, గుడ్డలో మూటకట్టి, రాత్రియంతయు బరువు క్రింద నుంచి నీరు తీయుట ఒకరు చూపుదురు. తెల్లవారుజామున పప్పు రుబ్బుట మరియొకరు చూపుదురు. వడియములకు కాకుల కాపలా పిల్లలది. కత్తిపీట ముందు పురుషులును కూర్చుండవలెను. అన్నము తినువారికెల్ల ఈ వ్రతమున పాలు కలదు. తొక్కలను, తరుగును గోతిలో వేసి మట్టి కప్పినచో కొన్ని నెలలకు మరల పెరటికి ఎరువగును. ఎవరి జాడీయైన చెడినచో దాచక చెప్పవలెను. ఏల చెడినదో పదిమంది కూడి విచారించిన నాడు ఆ చెడిన జాడీ పది జాడీలను రక్షించును.

తెలుగు ఇండ్లలో క్రొత్తావకాయను మొదట చిన్నగిన్నెలో పెట్టి ఇరుగుపొరుగు వారికి పంపుట అలవాటు. పుచ్చుకొన్నవారు ఆ గిన్నెను వట్టిగా తిరిగి పంపరు. గుప్పెడు వరుగులో, నాలుగు మిరపకాయలో, ఏమియు లేనిచో కాసింత చక్కెరయో వేసి పంపుదురు. పెద్దలనుండి ఈ విద్యను పుచ్చుకొన్నవారును ఆ గిన్నెను వట్టిగా ఉంచుకొనరాదు. అది తిరిగి పోవలసిన చోటు వెనుక లేదు, ముందున్నది: ఇంకను పసుపు, ఆవపిండి తగులని పసిచేతులు దానికై చాచియున్నవి.