వర్షపాత నమోదులో పైథాన్ ఫైళ్ల భద్రత

స్టేషన్ ఘన్‌పూర్ మండలంలో ఉదయం 8.30కు ముగిసే 24 గంటల వర్షపాతాన్ని ప్రతిదినం ఒక సీఎస్‌వీ ఫైలులో చేర్చే పైథాన్ ప్రోగ్రామును ఉదాహరణగా తీసుకుందాం. 2.5 మిల్లీమీటర్లు, ఆపైన కురిసిన రోజునే వర్షపు దినంగా లెక్కిస్తారు గనుక ఒక్క వరుస లోపించినా పత్తి విత్తే సమయంపై ఇచ్చే సలహా మారవచ్చు.

రైట్ ఆదేశం ఇచ్చినంత మాత్రాన అంకెలు డిస్కుకు చేరవు. మొదట బఫరు అనే తాత్కాలిక స్మృతిలో నిలుస్తాయి. ఫైలును మూసినప్పుడే బఫరులో మిగిలినది ఆపరేటింగ్ సిస్టమ్‌కు అందుతుంది. క్లోజ్‌కు ముందే దోషం తలెత్తితే, ముఖ్యంగా విద్యార్థులు ఎక్కువగా వాడే జూపిటర్ నోట్‌బుక్‌లో, ఫైలు తెరచే ఉండి చివరి వరుసలు కనబడకపోవచ్చు. 2006లో పైథాన్ 2.5తో వచ్చిన విత్ వాక్యం ఈ చిక్కును తీరుస్తుంది: పని సజావుగా ముగిసినా, మధ్యలో ఆగినా ఫైలు మూతపడుతుంది.

అయితే విత్‌ను సర్వరక్షగా భావించడం సరికాదు. ‘డబ్ల్యూ’ పద్ధతిలో తెరచిన క్షణంలోనే పాత ఫైలు ఖాళీ అవుతుంది. ఎన్‌కోడింగ్ పేర్కొనకపోతే విండోస్‌లో తెలుగు లిపికి తావులేని సంకేతపట్టిక వర్తించవచ్చు; అప్పుడు ‘స్టేషన్ ఘన్‌పూర్’ అని రాయబోగానే దోషం వస్తుంది. విత్ ఫైలును క్రమంగానే మూస్తుంది, కానీ మూసేది ఖాళీదో, అరకొరదో! సీజను లెక్కలన్నీ అప్పటికే పోయి ఉంటాయి.

కావున దినవారీ చేర్పుకు ‘ఏ’ పద్ధతిని, యూటీఎఫ్-8 ఎన్‌కోడింగ్‌ను స్పష్టంగా పేర్కొనాలి. పాత అంకెలను సవరించవలసి వస్తే, కొత్త ప్రతిని అదే ఫోల్డరులో వేరొక పేరుతో రాసి, మూసి, ఆ తరువాతనే ఓఎస్ మాడ్యూలులోని రీప్లేస్ ద్వారా అసలు పేరుకు మార్చాలి. విద్యుత్తు ఆకస్మికంగా పోయే చోట మూసే ముందు ఫ్లష్, ఎఫ్‌సింక్ కూడా అవసరం.