అడుసు తొక్కాల్సిందే

చి. బుజ్జికి,

నీ ఉత్తరం, డ్రాయింగులు అందాయి. త్రీడీ ప్రింటరుతో మట్టి ఇల్లు కట్టడమే నీ ఆఖరి ఏడాది ప్రాజెక్టని తెలిసి సంతోషించాను. "లక్షలు పోసి చదివిస్తే చివరికి మట్టిగోడలకు వచ్చింది" అని మీ నాన్న ఫోనులో నిట్టూర్చాడు. వాడి మాట పట్టించుకోకు.

గోడల వంపులు బాగున్నాయి. కానీ ఆరు కాగితాల్లో ఎక్కడా అది ఏ ఊరి మట్టో లేదు. సిమెంటు గుణం బస్తా మీద రాసి ఉంటుంది. మట్టికి అలా కాదు, ఈ చేనికీ ఆ చెరువుకీ పొంతన కుదరదు.

నువ్వు మెచ్చుకున్న టెక్లా ఇంటినే చూడు. ఇటలీలో రవెన్నా దగ్గర, మస్సా లొంబార్దాలో 2021లో పూర్తయింది. రూపకల్పన మారియో కుచినెల్లా బృందానిది, యంత్రం వాస్ప్ సంస్థది. సుమారు 60 చదరపు మీటర్ల ఇల్లు, 200 గంటల ప్రింటింగు, 12 మిల్లీమీటర్ల చొప్పున 350 పొరలు. అందరూ ఆ 200 గంటల దగ్గరే నోరు తెరుస్తారు. నన్ను ఆపింది 350. మన ఊళ్లో మట్టిగోడ ఒక వరస పెట్టి, అది బిగిశాకే పై వరస ఎత్తేవారు. యంత్రం ఆ వరసను వేలి మందానికి తగ్గించింది, అంతే. కింది పొర పైదాని బరువు మోసేంత గట్టిపడాలి, దాన్ని అంటుకునేంత తడీ మిగలాలి. జంతికల పిండి లాంటిదే: పల్చనైతే జారుతుంది, గట్టిదైతే గొట్టంలోంచి దిగదు, దిగినా తెగుతుంది.

వాస్ప్ వాళ్లే 2018లో గాయా అనే ఇల్లు కట్టారు. అక్కడి మట్టిలో తరిగిన వరిగడ్డి, ఊక, సున్నం కలిపారు. గడ్డి పగుళ్లను ఆపుతుంది. గోడ లోపలి ఖాళీల్లో నింపిన ఊక ఎండనీ చలినీ అడ్డుకుంటుంది. ఆ గోడల సామగ్రికి 900 యూరోలు అయ్యాయంటారు. నువ్వు దాన్ని 'ఇంటి ఖర్చు' అని రాశావు. కొట్టేయి. పునాది, కప్పు, తలుపులు, యంత్రం ఊరికే వస్తాయా?

నా నిర్వాకం ఒకటి చెబుతాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో, దగ్గర్లో దొరుకుతోంది కదా అని నల్లరేగడితో గోడ పెట్టించాను. మేస్త్రి తల అడ్డంగా ఊపాడు, వినలేదు. ఆరేసరికి వేళ్లు దూరేంత పగుళ్లు. తడిస్తే ఉబ్బి, ఆరితే ముడుచుకుపోయే మట్టి అది. ఆ సంగతి నాకంటే పదో తరగతి చదవని మేస్త్రికి బాగా తెలుసు.

ఇంకోటి. టెక్లా గుమ్మటాన్ని చూసి చూరు మానేశావు. ఉత్తరాంధ్ర తీరంలో చుట్టిళ్ల కప్పు నేలకు అంత దగ్గరగా ఎందుకు దిగిందో ఒకసారి వెళ్లి చూడు. తుఫాను వాన నిలువునా కురవదు, ఏటవాలుగా వచ్చి గోడను కొడుతుంది.

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు గానీ, నీ చదువుకు మాత్రం తొక్కాల్సిందే. ముందు ఒక గాజు సీసాలో మూడోవంతు మట్టి, మిగతా నీళ్లు పోసి బాగా కుదిపి పెట్టు. ఇసుక వెంటనే అడుక్కు చేరుతుంది, ఒండ్రు దాని మీద, బంకమన్ను తేరడానికి ఒక రోజు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది. స్కేలు పెట్టి పొరలు కొలిచి, ఆ అంకెలు నీ మొదటి కాగితం మీద రాయి.

సంక్రాంతికి వస్తున్నావుగా. చెరువు మట్టి, పుట్టమన్ను రెండూ నానబెట్టి ఉంచుతాను. పాత బట్టలు రెండు జతలు తెచ్చుకో.

ఇట్లు,
పెదనాన్న