ఒక్క పీరియడ్‌లో ఉప్పు పెరగదు

డీఎస్సీలో ఎంపికై కొత్తగా హైస్కూల్లో చేరిన ఫిజికల్ సైన్స్ టీచర్లలో చాలామంది స్ఫటికీకరణాన్ని ఉప్పుతోనే మొదలుపెడతారు. వేడినీళ్లలో కరిగించి, చల్లారితే స్ఫటికాలు వస్తాయని చెబుతారు. బీకరు చల్లారుతుంది, గంట కొడతారు, అడుగున చూస్తే దాదాపు ఏమీ ఉండదు. పిల్లలకు ఆ పాఠం మీదే నమ్మకం పోతుంది. నాకు బాధ కలిగించేది అదే.

కారణం ఉప్పు స్వభావం. 100 మి.లీ. నీటిలో మామూలు ఉష్ణోగ్రత దగ్గర సుమారు 36 గ్రాముల ఉప్పు కరుగుతుంది, మరిగే నీటిలోనైనా 39 గ్రాములే. చల్లార్చితే ఆ మూడు గ్రాములకు మించి రాదు. ఉప్పు కావాలంటే నీరు ఆవిరవ్వాలి. నౌపడా, చినగంజాం ఉప్పు మళ్లలో జరిగేది అదే. గాలిలో తేమ సుమారు 75 శాతం దాటితే మాత్రం చిక్కటి ఉప్పునీరు ఆవిరవ్వదు, పైగా తేమను పీల్చుకుంటుంది. కాబట్టి కోస్తా బడుల్లో దీన్ని వానాకాలంలో పెట్టుకోకండి. ఎండలు మొదలయ్యాక గల్లుప్పు కరిగించి, వడకట్టి, వెడల్పాటి పళ్లెంలో పోసి పల్చటి గుడ్డ కప్పి కదపకుండా ఉంచండి. ప్యాకెట్ ఉప్పు వద్దు. గడ్డకట్టకుండా అందులో కలిపే పదార్థాల వల్ల ద్రావణం మసకబారుతుంది.

అదే రోజు ఫలితం చూపించాలంటే మైలుతుత్తం పట్టుకోండి. 50 మి.లీ. డిస్టిల్డ్ వాటర్‌లో 30 గ్రాములు వేసి 70 డిగ్రీల దాకా వేడిచేస్తే మొత్తం కరుగుతుంది. బోరు నీళ్లు వాడొద్దు. ద్రావణం మడ్డిగా మారకుండా సజల సల్ఫ్యూరిక్ ఆమ్లం రెండు మూడు చుక్కలు మీ చేత్తోనే వేయండి, పిల్లలకు ఇవ్వకండి. గరాటును ముందుగా వేడినీటితో తడపండి, లేదంటే స్ఫటికాలు ఫిల్టర్ పేపర్‌లోనే కట్టి దారి మూసుకుపోతుంది. ఉదయం వడకట్టి పెడితే బడి వదిలేలోపు పది గ్రాముల దాకా నీలి స్ఫటికాలు చూపించవచ్చు. చల్లారినా రాకపోతే చిన్న మైలుతుత్తం పలుకు ఒకటి అందులో వేయండి.

మైలుతుత్తం విషం. కళ్లద్దాలు పెట్టించడం, చేతులు కడిగించడం తప్పనిసరి. చిన్న తరగతులకు పటిక చాలు. మిగిలిన ద్రావణాన్ని కాలువలోనో చెరువులోనో పారబోయకండి, చేపలు చస్తాయి. పేరు రాసిన సీసాలో దాచితే వచ్చే ఏడాదికి పనికొస్తుంది.

రేపటి పాఠం ఇదే అయితే ఈ సాయంత్రం ల్యాబ్‌లో ఒకసారి మీరే చేసి చూసుకోండి.