మూత మూయగా కూలిన ల్యాప్‌టాపు: దోషనిర్ణయ పాఠము

యంత్రము చెడినప్పుడు దానిని కట్టకడపట ముట్టినవానిని నిందించుట లోకపు వాడుక. పాఠశాలలయందును ఇండ్లయందును ఒక్క ల్యాప్‌టాపును పలువురు వాడుచుందురు గనుక ఈ నింద తఱచుగా పిల్లలమీదనే పడును. “మూత గట్టిగా వేసితివి”, “ఏదో నొక్కితివి” యని పెద్దలందురు. పిల్లలు తలలు వంచుకొందురు. అయితే మూత మూసినప్పుడు యంత్రము కూలుటకు మూసినవాని చేయి గాక, లోపల క్రొత్తగా చేర్చిన భద్రతా సాఫ్టువేరు కారణమగుటయు కలదు. ఇట్టి దోషమును క్రమముగా విచారించి కనుగొను విధమును మా విద్యార్థులకు ఈ వ్యాసమున బోధింపదలచితిమి.

దోషలక్షణము

ల్యాప్‌టాపు మేల్కొనియున్నంతసేపు చక్కగా పనిచేయును. యాంటీవైరస్ గాని, ఫైర్‌వాల్ గాని, వీపీఎన్ గాని స్థాపించిన పిమ్మట, మూత మూసి కొంత తడవునకు తెఱచినచో తెర వెలుగదు. లేదా నీలి తెరయొకటి కనబడి యంత్రము తనంతట తానే మరల మొదలగును. 2025వ సంవత్సరపు మార్పు వచ్చిన విండోస్ 11 యంత్రములలో ఈ తెర నల్లనిది. సేవ్ చేయని వ్రాతపని యంతయు నశించును. మేలుకవలో లేని దోషము నిద్రలోనే ఏల కలుగుచున్నది? ఈ ప్రశ్నతోనే విచారణ మొదలిడవలెను.

నిద్ర యననేమి

కంప్యూటరు ఎట్లు నిద్రింపవలెనో ఏసీపీఐ అను నిబంధనావళి తెలుపును. దీనిని ఇంటెల్, మైక్రోసాఫ్ట్, తోషిబా కంపెనీలు కలిసి 1996 డిసెంబరులో వెలువరించినవి. అందలి ఎస్3 అను నిద్రలో మెమరీకి మాత్రము కొలది విద్యుత్తు అందుచుండును. మిగిలిన భాగములు దాదాపుగా ఆఱిపోవును. ఎస్4, అనగా హైబర్నేట్, అను గాఢనిద్రలో మెమరీలోని దంతయు డిస్కుమీద వ్రాయబడును గనుక విద్యుత్తు లేకున్నను నష్టము లేదు. ఇటీవలి ల్యాప్‌టాపులు పెక్కింటిలో మోడరన్ స్టాండ్‌బై యను మూడవ విధము కలదు; ఇందు యంత్రము సెల్‌ఫోనువలె సగము మెలకువతోనే యుండును.

నిద్రకు పోవుట మీటను ఆర్పినట్లు ఒక్క క్షణపు పని కాదు. సాయంకాలము కడపటి గంట కొట్టిన తరువాత పాఠశాల కావలివాడు గేటుకు తాళము వేయుటకు ముందు ప్రతి తరగతి గదియు ఖాళీ యయ్యెనా యని విచారించును గదా. అట్లే ఆపరేటింగు సిస్టము ప్రతి డ్రైవరునకును “పని ముగించి నీ పరికరమును నిద్రపుచ్చుము” అని ఆజ్ఞ పంపును. డ్రైవరనగా ఒక్కొక్క పరికరమును నడపు చిన్న ప్రోగ్రాము. అన్ని డ్రైవర్లును “సిద్ధము” అని బదులు చెప్పవలెను. ఒక్కటి బదులీయకున్నను గేటు మూతపడదు. మేల్కొనునప్పుడును ఇట్టి పిలుపులే జరుగును. నిర్ణీత కాలములోపల బదులు రానిచో, విండోస్ తనంతట తానే యంత్రమును నిలిపివేసి, “డ్రైవర్ పవర్ స్టేట్ ఫెయిల్యూర్” అను మాటలను తెరమీద చూపును. దాని సంకేతము 9ఎఫ్. ఈ సంకేతము కనబడినచో దోషము మూత మూసినవానిది కాదనియు, విద్యుత్‌స్థితి మాఱునప్పుడు ఏదో యొక డ్రైవరు తడబడినదనియు గ్రహింపవలెను.

కావలివాని స్థానము

వ్యాసము వ్రాసికొను ప్రోగ్రాము వంటివి యంత్రపు బయటి వసారాలో పనిచేయును. అవి కూలినను యంత్రము నిలుచును. భద్రతా సాఫ్టువేరు అట్టిది కాదు. తెఱవబడు ప్రతి ఫైలును, వచ్చిపోవు నెట్‌వర్కు సమాచారమును అది పరీక్షింపవలెను గనుక, దానిలో కొంతభాగము కెర్నెల్ అనబడు నడిమి గదిలోనే కూర్చుండును. ఈ భాగములను ఫిల్టరు డ్రైవర్లందురు. నడిమి గదిలోని వాడు పడినచో ఇల్లంతయు పడును. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అను భద్రతా కంపెనీ పంపిన దోషపూరితమైన అప్‌డేటు వలన ప్రపంచమున ఇంచుమించు 85 లక్షల విండోస్ యంత్రములు ఒక్కసారిగా కూలినవి. విమానాశ్రయములు, ఆస్పత్రులు సైతము చిక్కులపాలైనవి. అది నిద్రకు సంబంధించిన దోషము కాదు, శత్రువుల దాడియు కాదు. అయినను కావలివాని పొరపాటు ఇంటినే కూల్చగలదని లోకము నాడు చూచెను.

నిద్రవేళ ఈ చిక్కు మఱింత సులభముగా కలుగును. వైఫై పరికరమును ఆర్పుమని ఆజ్ఞ వచ్చినప్పుడు, దానిపైనున్న ఫిల్టరు ప్రాతదై, తన పని ముగింపక ఆజ్ఞను పట్టియుంచినచో నిద్ర సాగదు. ఇద్దఱు కావలివాండ్రున్నచో కష్టము రెట్టింపగును. బయటి యాంటీవైరస్ చేరినప్పుడు విండోస్‌తో వచ్చు డిఫెండర్ సాధారణముగా తొలగి దారి యిచ్చును. కాని బయటివి రెండు చేరినచో అవి ఒండొంటికి దారి యిచ్చునని నమ్మరాదు.

అనుమానము తీర్పు కాదు

కాకి వ్రాలినది, తాటిపండు రాలినది. కాకియే పండును రాల్చెనా? దీనినే పెద్దలు కాకతాళీయ న్యాయమనిరి. భద్రతా సాఫ్టువేరు సోమవారము స్థాపించితిమి, యంత్రము మంగళవారము కూలినది. అంతమాత్రమున సాఫ్టువేరే దోషి యనరాదు. ఆ రాత్రియే విండోస్ అప్‌డేటు చేరియుండవచ్చును. డిస్‌ప్లే డ్రైవరు మాఱియుండవచ్చును. కావున తర్కశాస్త్రము చెప్పు అన్వయ వ్యతిరేకములను ఇచట ప్రయోగింపవలెను. ఒకటి యున్నచో రెండవది యుండుట అన్వయము. అది లేనిచో ఇదియు లేకుండుట వ్యతిరేకము. రెండును కుదిరినప్పుడే కారణము నిశ్చయము.

సాక్ష్యములు

యంత్రమే కొన్ని సాక్ష్యములను దాచియుంచును. మొదటిది రిలయబిలిటీ మానిటరు. ఏ దినమున ఏమి స్థాపింపబడినది, ఏ దినమున ఏమి కూలినది అనునది అందు తేదీలవారీగా కనబడును. రెండవది ఈవెంట్ వ్యూయరు. అందు కెర్నెల్ పవర్ 41 అను నమోదు ఉన్నచో, యంత్రము సక్రమముగా ఆఱక మరల మొదలయ్యెనని మాత్రమే అర్థము. ఎవరి వలననో అది చెప్పదు. మూడవది విండోస్ ఫోల్డరులోని మినీడంప్ అను ఉపఫోల్డరు. కూలిన క్షణపు స్థితి అందు ఫైలుగా వ్రాయబడును. మైక్రోసాఫ్ట్ ఉచితముగా నిచ్చు విన్‌డీబీజీ అను సాధనముతో దానిని చదివినచో అనుమానింపదగిన డ్రైవరు పేరు తెలియవచ్చును. అదియు సాక్షి మాటయే గాని న్యాయాధిపతి తీర్పు కాదు.

పరీక్షాక్రమము

1. ముందుగా వ్రాతపనులన్నిటిని పెన్‌డ్రైవులోనో, వేఱొక చోటనో నకలు తీసియుంచవలెను. ఇది చేయక ఏ పరీక్షయు మొదలుపెట్టరాదు.

2. ఇప్పటి స్థితిలో స్టార్ట్ మెనూనుండి స్లీప్ ఎంచి, పది నిమిషములుంచి, లేపవలెను. ఇట్లు అయిదు మాఱులు చేసి ఎన్ని మాఱులు కూలినదో వ్రాసికొనవలెను. లెక్క లేని పరీక్ష పరీక్ష కాదు.

3. భద్రతా సాఫ్టువేరు, విండోస్, వైఫై డ్రైవరు, డిస్‌ప్లే డ్రైవరు, బయోస్ అనువానికి క్రొత్త అప్‌డేటులున్నచో ఒక్కొక్కటిగా వేయవలెను. ఒకటి వేసిన పిమ్మట అయిదు మాఱులు నిద్రపరీక్ష చేసిన తరువాతనే రెండవది. అన్నియు ఒకేసారి మార్చినచో ఏది మేలు చేసెనో తెలియదు.

4. దోషము పోనిచో భద్రతా సాఫ్టువేరును తీసివేసి చూడవలెను. ఊరక ఆపుట చాలదు. ఆపినను ఫిల్టరు డ్రైవర్లు లోపల నిలిచియుండవచ్చును. పలు కంపెనీలు పూర్తిగా తొలగించుటకు ప్రత్యేక సాధనము నిచ్చుచున్నవి. తొలగించిన పిమ్మట రీస్టార్ట్ చేయవలెను, షట్‌డౌన్ కాదు. ఏలయనగా 2012లో విండోస్ 8తో వచ్చిన ఫాస్ట్ స్టార్టప్ పద్ధతిలో, షట్‌డౌన్ చేసినను కెర్నెల్ స్థితి డిస్కుమీద దాచబడి మరల తేబడును. రీస్టార్ట్ చేసినప్పుడే సర్వమును క్రొత్తగా మొదలగును. ఈ లోపల డిఫెండర్ పనిచేయుచున్నదో లేదో తప్పక చూడవలెను. మరల అయిదు పరీక్షలు చేయవలెను. కూలకున్నచో వ్యతిరేకము కుదిరినది.

5. కంపెనీ సొంత వెబ్‌సైటునుండి క్రొత్త ప్రతిని తెచ్చి మరల స్థాపింపవలెను. యంత్రము మరల కూలినచో అన్వయము కుదిరినది, దోషి తేలెను. ఆ విషయమును సాక్ష్యములతో కంపెనీకి తెలిపి, బాగు చేయువఱకు డిఫెండరుతో సరిపెట్టుకొనుట మేలు. కూలకున్నచో దోషము ప్రాత ప్రతిలోనిది, చిక్కు తీఱెను.

6. తీసివేసినను కూలుచున్నచో భద్రతా సాఫ్టువేరు నిరపరాధి. అప్పుడు వైఫై, డిస్‌ప్లే డ్రైవర్లను, బయోస్‌ను, మెమరీని విచారింపవలెను.

విచారణ ముగియువఱకు పని సేవ్ చేసి యంత్రమును షట్‌డౌన్ చేయుట క్షేమము. హైబర్నేట్ కొందఱికి పనికివచ్చును గాని, అందును డ్రైవర్లు బదులీయవలసినదే. కావున దానిని పూర్తిగా నమ్మరాదు.

చేయరానివి

మొదటిది: నిద్ర చెడుచున్నదని కావలివానిని వెడలగొట్టి తలుపు తెఱచియుంచుట. ఒక్క వ్యాసము పోవుటకన్న తల్లిదండ్రుల బ్యాంకు రహస్యములు పోవుట పెద్ద కీడు. రెండవది: ఒక యాంటీవైరస్ దోషమును సరిచేయుటకు రెండవదానిని తెచ్చి పెట్టుట. మూడవది: “మీ కంప్యూటరు చెడినది, మేము బాగుచేయుదుము” అని ఫోను చేయు అపరిచితులకు యంత్రమును అప్పగించుట. నాలుగవది: పాఠశాల యంత్రమునుండి విద్యార్థులు తమంతట తాము భద్రతా సాఫ్టువేరును తొలగించుట. అది ఉపాధ్యాయుల అనుమతితోనే జరుగవలెను.

ప్రతి యంత్రమునకును ఒక నోటుపుస్తకము ఉంచవలెనని మా సలహా. అందు తేదీ, వేళ, క్రొత్తగా చేర్చినదేమి, యంత్రము ఏమి చేసినది, తెరమీది సంకేతమేమి అను అయిదు విషయములు వ్రాసిన చాలును. తల్లిదండ్రులకును మా మనవి యొకటి కలదు. ఈసారి మూత తెఱచినప్పుడు తెర వెలుగకున్నచో, “ఎవరు ముట్టితిరి?” అని అడుగుటకు ముందు ఆ నోటుపుస్తకమును తెఱచి, “ఏమి మాఱినది?” అని అడుగుడు. మొదటి ప్రశ్నకు భయపడిన బిడ్డ నిజమును దాచును. రెండవ ప్రశ్నకు అదే బిడ్డ మీ ప్రక్కన కూర్చుండి దోషమును వెదకును.